వెలుతురు దారిలో నెత్తురు ఉండదు

(శ్రీకాకుళంలోని ఒక గ్రంథాలయంలో, సెప్టెంబరు నెలాఖరున, ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. పిల్లలూ, మీరు ముందు వరసల్లోకి వచ్చి కూర్చోండి. ఈ బల్ల మీద పళ్లెంలో తడిగుడ్డ కప్పి ఉంచినవి మేక కళ్లు. పొద్దున్నే మాంసం కొట్టుకు వెళ్లి నాలుగు తెచ్చాను. నేను పనిచేసిన ముప్పై ఒక్క ఏళ్లలో ఎక్కువ భాగం వంశధార ఒడ్డు పల్లెల్లోనే గడిచింది. జ్ఞానేంద్రియాల పాఠం వచ్చిన ప్రతి ఏడూ మేక కన్ను కోసి చూపించకుండా ముందుకు వెళ్లలేదు. బొమ్మలో కన్ను వేరు, చేతిలో కన్ను వేరు. చివర్లో చూద్దాం.

ఇంకో వారం రోజుల్లో అరసవల్లికి జనం బయలుదేరతారు. అక్టోబరు మొదట్లో రెండు మూడు రోజులు, మళ్లీ మార్చిలో రెండు మూడు రోజులు, తెల్లవారుతూనే సూర్యకిరణాలు వాకిళ్లన్నీ దాటుకుని గర్భగుడిలో మూలవిరాట్టు పాదాల మీద పడతాయి. దానికోసం చీకటితోనే వెళ్లి నిల్చున్నవాళ్లు మీలో చాలామంది ఉంటారు. నన్ను మొదటిసారి మా నాన్న భుజం మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లారు. ఆ రోజు మబ్బు పట్టింది. కిరణం రాలేదు. నేను ఏడుస్తూ ఉంటే ఆయన అన్నారు: "సూర్యుడు ఉన్నాడు, స్వామి ఉన్నాడు. నడుమ దారి లేదమ్మా, అంతే."

తరవాత జీవశాస్త్రం చదువుకున్నాను, పిల్లలకు చెప్పాను. కంటి గురించి ఎన్ని పుస్తకాలు తిరగేసినా నాన్న అన్న ఆ మాట దగ్గరికే వచ్చి ఆగాను. కన్ను అంటే వెలుతురుకు దారి. ఒక చివర లోకం ఉంది, ఇంకో చివర ఆ వెలుతురును అందుకునే పొర ఉంది. నడుమ ఉన్న ప్రతి భాగమూ తాను అక్కడ లేనట్టే ఉండాలి. ఉంటూనే కనిపించకుండా ఉండాలి. శరీరంలో ఇంకే అవయవానికీ ఇలాంటి కష్టం లేదు.

ఎందుకు కష్టమో చెబుతాను. మీ ఒంట్లో ఎక్కడ గిల్లినా నెత్తురు వస్తుంది. బతికి ఉన్న కణానికి ఆహారం కావాలి, ప్రాణవాయువు కావాలి. అవి నెత్తురులోనే వస్తాయి. కానీ నెత్తురు ఎర్రగా ఉంటుంది. వెలుతురు దారిలో నెత్తురు గొట్టాలు పరిస్తే లోకం ఎర్రటి చారల మధ్య నుంచి కనిపిస్తుంది. అందుకే వెలుతురు నడిచే దారిలో శరీరం నెత్తురును రానివ్వలేదు. మరి అక్కడి కణాలు ఏం తిని బతుకుతున్నాయి? ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకోండి. కంటి భాగాలు ఒక్కొక్కటీ తమ కథ తామే చెబుతాయి.

బయటి నుంచి మొదలుపెడదాం. కనుబొమ్మ చెమటను పక్కకు మళ్లిస్తుంది. రెప్పల వెంట్రుకలు దుమ్మును అడ్డుకుంటాయి. ఇవి మీకు తెలిసినవే, నేను ఆగను. రెప్ప దగ్గర మాత్రం ఆగాలి. రెప్ప అంటే తలుపు అని పిల్లలకు చెబుతాం. తలుపు మాత్రమే కాదు, తుడిచే చెయ్యి కూడా. నిమిషానికి పదిహేనుసార్ల వరకూ రెప్ప వాలుతుంది. వాలిన ప్రతిసారీ కంటి మీద కన్నీటి పొరను కొత్తగా పరుస్తుంది. ఆ పొర ఉత్త నీళ్లు కాదు. అడుగున కంటికి అతుక్కునే జిగురు, దాని మీద నీరు, ఆ పైన పల్చని నూనె. నూనె లేకపోతే నీరు గాలికి ఆరిపోతుంది. ఫోను చూసేటప్పుడు మనం రెప్ప వాల్చడం బాగా తగ్గిస్తాం. రాత్రి పదకొండు గంటలకు మీ అబ్బాయి కళ్లు మండుతున్నాయని అంటే ముందు చూడవలసింది అదే.

వాడిన కన్నీళ్లు ఎక్కడికి పోతాయి? ఇంటికి వెళ్లాక అద్దం ముందు నిల్చుని కింది రెప్పను ముక్కు వైపు కొంచెం లాగి చూడండి. సూది మొన అంత రంధ్రం కనిపిస్తుంది. అదే కాలవ నోరు. అది ముక్కులోకి తెరుచుకుంటుంది. ఏడ్చినప్పుడు ముక్కు కారేది అందుకే. కంట్లో చుక్కల మందు వేసుకున్న కాసేపటికి గొంతులో చేదు తగిలేదీ అందుకే.

కన్నీటి పొర వెనక నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉబ్బి ఉన్నది కార్నియా. పాఠ్యపుస్తకాల్లో దీనికి వేరే పేర్లు ఉన్నాయి కానీ ఆసుపత్రిలో మీరు వినేది ఇదే మాట కాబట్టి నేనూ ఇలాగే అంటాను. నడుమ దీని మందం సుమారు అర మిల్లీమీటరు. చాలామంది కంటిలో వెలుతురును వంచేది లోపలి కటకమే అనుకుంటారు. నేను కూడా కొత్తలో అలాగే చెప్పాను, తరవాత దిద్దుకున్నాను. వెలుతురును వంచే పనిలో మూడింట రెండు వంతులు ఈ పల్చటి అద్దానిదే. కటకానిది మిగిలిన ఒక్క వంతు.

దీనికి రుజువు మన సముద్రం ఒడ్డునే ఉంది. కళింగపట్నంలోనో బారువలోనో నీళ్లలో మునిగి కళ్లు తెరిచినవాళ్లకు అంతా మసకగా కనిపించి ఉంటుంది. గాలి నుంచి కార్నియాలోకి వచ్చేటప్పుడు వెలుతురు బాగా వంగుతుంది. నీటి నుంచి వస్తే వంగడం దాదాపు ఉండదు, ఎందుకంటే కార్నియా కూడా ఎక్కువగా నీరే. మరి చేప ఎలా చూస్తుంది? దాని జవాబు పులుసు గిన్నెలో ఉంది. కటకం దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

కార్నియాకు నెత్తురు లేదన్నాను కదా. ముందువైపు కన్నీటి పొరలో కరిగిన గాలి నుంచి ప్రాణవాయువు తీసుకుంటుంది. వెనకవైపు కంటిలోపలి నీటి నుంచి ఆహారం తీసుకుంటుంది. తిన్నగా గాలి పీల్చుకుని బతుకుతున్న కణాలు అవి. కాంటాక్టు కటకాలు పెట్టుకుని నిద్రపోవద్దని వైద్యులు అనేది ఇందుకే. మూసిన రెప్ప కింద గాలి ముందే తక్కువ. దాని మీద ఇంకో మూత వేయకూడదు.

నెత్తురు లేదు కానీ నరాలు మాత్రం ఒంట్లో ఇంకెక్కడా లేనంత దట్టంగా ఉన్నాయి. అందుకే చిన్న నలక పడితే కన్ను తెరవలేం. ఆ నొప్పే కాపలా.

ఇక్కడ నేను కాస్త కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మన జిల్లాలో నూర్పిళ్ల రోజుల్లో వడ్ల ఊక, గడ్డి పరక, చెరకు ఆకు అంచు కంట్లో తగలడం కొత్త కాదు. తగిలిన గాయం చిన్నదే. కానీ పొలం నుంచి వచ్చిన దాని మీద బూజు జాతి సూక్ష్మజీవులు ఉంటాయి. కార్నియా మీద గీత పడితే అవి లోపలికి దిగుతాయి. నెత్తురు లేని చోటు కాబట్టి శరీరం సైన్యాన్ని పంపడం ఆలస్యం అవుతుంది. అప్పుడు మనం చేసే పని ఏమిటి? ఆకు పసరు పిండుతాం. చనుబాలు వేస్తాం. ఆముదం వేస్తాం. నాలుకతో నలక తీసేవాళ్ల దగ్గరికి వెళతాం. లేదా మందుల దుకాణంలో అడిగి ఏదో ఒక చుక్కల మందు తెచ్చుకుంటాం. దానిలో స్టెరాయిడ్ ఉంటే బూజుకు ఎరువు వేసినట్టే. పుండు లోతుకు పోయి, మానాక తెల్లటి మచ్చ మిగులుతుంది. దాన్నే మనవాళ్లు "కంట్లో పువ్వు వేసింది" అంటారు. ఎంత అందమైన మాట ఎంత పాడు దానికి పెట్టుకున్నామో! నా తరగతిలో కూర్చున్న పిల్లల్లోనే ఒక కంటిలో పువ్వు ఉన్నవాళ్లను చూశాను. చేయవలసింది ఇంతే: శుభ్రమైన నీళ్లతో కడగండి, నలపకండి, ఏమీ పిండకండి, ఆ రోజే కంటి వైద్యుల దగ్గరికి వెళ్లండి.

కార్నియా చుట్టూ కనిపించే తెల్లగుడ్డు కంటికి గట్టి గోడ. దానికీ కార్నియాకూ ముడిసరుకు ఒకటే, కొల్లాజెన్ పోగులు. తెల్లగుడ్డులో ఆ పోగులు చిందరవందరగా ఉంటాయి, అందుకే అది తెల్లగా, వెలుతురుకు అడ్డుగా ఉంటుంది. కార్నియాలో అవే పోగులు మగ్గం మీద పడుగు పేర్చినంత క్రమంగా ఉంటాయి. పొందూరు నేతగాళ్లకు ఈ తేడా నేను వివరించనక్కరలేదు. అందుకే కార్నియా గాజులా ఉంటుంది. గాయం మానేటప్పుడు ఆ క్రమం చెదురుతుంది. పువ్వు వేయడం అంటే అదే.

కార్నియా వెనక రంగు తెర ఉంటుంది, దాని నడుమ కంత. తెరను ఐరిస్ అంటారు, కంతను కనుపాప అంటాం. కనుపాప నల్లగా ఉన్నది రంగు వల్ల కాదు. పట్టపగలు ఎదురింటి కిటికీలోకి చూస్తే లోపల నల్లగా కనిపించినట్టే ఇది కూడా. ఎండలో కనుపాప రెండు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది, చీకటిలో ఏడెనిమిది మిల్లీమీటర్ల వరకూ విప్పారుతుంది. పిల్లలూ, ఒకరి కంటిని ఒకరు చూడండి. ఒక కంటిని చేత్తో మూసి తెరవండి. ఇప్పుడు ఇంకో సంగతి గమనించండి, ఒక కంటి మీద వెలుతురు వేస్తే రెండో కంటి పాప కూడా ముడుచుకుంటుంది. రెండు కళ్లకూ మెదడు నుంచి ఒకే ఆజ్ఞ వెళుతుంది. ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినవాళ్ల కళ్లలో వైద్యులు మొదట టార్చి వేసి చూసేది దీన్నే.

కార్నియాకూ కటకానికీ మధ్య నీరు ఉంటుంది. పావు మిల్లీలీటరు, అంటే నాలుగైదు చుక్కలు. కన్నీరు వేరు, ఇది వేరు. ఐరిస్ వెనక తయారవుతుంది, కనుపాప గుండా ముందుకు వస్తుంది, కార్నియా అంచున ఉన్న జల్లెడ గుండా బయటికి పోయి నెత్తురులో కలుస్తుంది. సుమారు రెండు గంటలకు ఒకసారి అంతా కొత్త నీరే. నెత్తురు రాలేని చోటికి నెత్తురు చేయవలసిన పని ఈ నీరు చేస్తుంది. కార్నియా వెనక భాగానికీ కటకానికీ అన్నం ఇదే.

ఊట ఆగకూడదు, కాలవ పూడకూడదు. కాలవ పూడితే చెరువు గట్టు మీద ఒత్తిడి పెరిగినట్టు కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా అది పాదరస మట్టంలో పది నుంచి ఇరవై ఒక్క మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. పెరిగిన ఒత్తిడి ముందున్న భాగాలను కాకుండా వెనక ఉన్న చూపు నరాన్ని నలుపుతుంది. కొందరికి ఒత్తిడి మామూలుగా ఉన్నా ఆ నరం దెబ్బతింటుంది. ఇదే గ్లకోమా, మన మాటలో నీటికాసులు.

మా నాన్నకు వచ్చింది ఇదే. ఆయనకు అరవై దాటాక నడుస్తూ ఎడమవైపు ద్వారబంధానికి భుజం తగిలించుకోవడం మొదలైంది. మజ్జిగ గ్లాసు ఎడమ పక్కన పెడితే చేయి తగిలి ఒలికిపోయేది. అమ్మ విసుక్కునేది. నేను వయసు అనుకున్నాను. పేపరు మాత్రం చక్కగా చదివేవారు, దూరాన వచ్చే బస్సు పేరు నాకంటే ముందు చెప్పేవారు. నొప్పి లేదు, ఎరుపు లేదు. గ్లకోమా ఎక్కువగా అలాగే వస్తుంది. ముందు పక్కల చూపును తింటుంది, నడిమి చూపును చివరికి ఉంచుతుంది. రెండు కళ్లూ ఒకదాని లోటు ఒకటి పూడ్చుకుంటాయి కాబట్టి మనిషికి తెలియదు. తెలిసేనాటికి పోయిన నరం తిరిగి రాదు. నీటికాసుల గురించి ఏటా నలుపు బల్ల మీద రాసిన నేనే ఇంట్లో గుర్తుపట్టలేకపోయాను. ఆయన చివరి నాలుగేళ్లు గోడ పట్టుకుని నడిచారు. ఈ మాట చెప్పడం నాకు కష్టం. అయినా చెబుతున్నాను, ఎందుకంటే మీలో నలభై దాటినవాళ్లు, ముఖ్యంగా అమ్మకో నాన్నకో తోబుట్టువులకో నీటికాసులు ఉన్నవాళ్లు, చూపు బాగున్నా సరే కంటి ఒత్తిడి, నరం పరీక్ష చేయించుకోవాలి. ముందే తెలిస్తే చుక్కల మందుతోనే చాలామందికి ఉన్న చూపు నిలుస్తుంది.

ఇప్పుడు కటకం. చేపల పులుసులో చందువ తల తిన్నవాళ్లు చేతులెత్తండి. కంట్లో గట్టిగా తెల్లటి ముత్యం లాంటిది వస్తుంది కదా, పక్కకు తీసి పెడతారు. అదే చేప కటకం. బతికి ఉన్నప్పుడు అది గాజు గోళీలా తేటగా ఉంటుంది. కోడిగుడ్డు తెల్లసొన వేడికి తెల్లబడినట్టే అది కూడా ఉడికి తెల్లబడింది. నీళ్లలో కార్నియా వెలుతురును వంచలేదు కాబట్టి చేపకు ఆ పని అంతా కటకమే చేయాలి, అందుకే అది గుండ్రంగా ఉంటుంది. గాలిలో బతికే మనకు కార్నియా సాయం ఉంది కాబట్టి మన కటకం బటాణీ గింజను కాస్త నొక్కినట్టు ఉంటే చాలు.

కటకం ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఉంటుంది. పుట్టినప్పటి నుంచి పైన కొత్త పొరలు చేరుతూనే ఉంటాయి, పాతవి ఎక్కడికీ పోవు. చర్మం ఊడి కొత్తది వస్తుంది, నెత్తురు కణాలు కొన్ని నెలలకు మారతాయి. కానీ మీ కటకం నడిబొడ్డున ఉన్న మాంసకృత్తులు మీరు అమ్మ కడుపులో ఉండగా తయారైనవే. డెబ్బై ఏళ్ల పెద్దావిడ కంటిలో డెబ్బై ఏళ్ల పాత తేట ఉంది. తేటగా ఉండడం కోసం ఆ కణాలు తమ కేంద్రకాన్ని కూడా వదులుకున్నాయి. ఇక మరమ్మతు చేసుకునే శక్తి వాటికి లేదు. ఎండ, వయసు, చక్కెర వ్యాధి, పొగ, ఇవన్నీ ఆ మాంసకృత్తులను మెల్లగా ముద్దకట్టిస్తాయి. పులుసులో అరగంటలో జరిగింది కంటిలో యాభై అరవై ఏళ్లలో జరుగుతుంది. అదే శుక్లం. పువ్వు వేరు, శుక్లం వేరు అని ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. పువ్వు ముందు అద్దం మీద, శుక్లం లోపలి కటకంలో.

ఈ కటకాన్ని చుట్టూ సన్నని దారాలు పట్టుకుని ఉంటాయి, వాటి చివర కండరం ఉంటుంది. దగ్గర చూడాలంటే కండరం బిగుసుకుని దారాలు వదులవుతాయి, కటకం తనంతట తాను ఉబ్బుతుంది. నలభై దాటేసరికి కటకం బిరుసెక్కి ఉబ్బడం మానుతుంది. పెళ్లిపత్రికను చేయి చాచి దూరంగా పట్టుకుని చదవడం మొదలవుతుంది. దాన్ని చత్వారం అంటాం. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. ఆ మాట నుంచే వచ్చిందని చెబుతారు. అది జబ్బు కాదు, కళ్లజోడు పెట్టుకుంటే తీరేది. సూదిలో దారం ఎక్కించలేక కుట్టుపని మానేసిన అమ్మలను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

శుక్లానికి సుశ్రుతుడి కాలంలోనే మన దేశంలో చికిత్స ఉంది. సూది లాంటి పనిముట్టు మొనతో కటకాన్ని పక్కకు నెట్టేవారు. వెలుతురుకు దారి దొరికేది కానీ కటకం లేని కన్ను మసకగానే ఉండేది. తీసిన చోట కొత్త కటకం పెట్టడం 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు మొదలుపెట్టాడు. యుద్ధంలో విమానం అద్దం పగిలి ఆ ప్లాస్టిక్ ముక్కలు కొందరు పైలట్ల కళ్లలో ఉండిపోయాయి. కన్ను వాటిని బయటి వస్తువుగా తిప్పికొట్టలేదు, ఎర్రబడలేదు. అది గమనించి అదే జాతి ప్లాస్టిక్‌తో కటకం చేయించాడు. తోటి వైద్యులు చాలా ఏళ్లు వ్యతిరేకించారు. ఈ రోజు మన పల్లెల నుంచి బస్సెక్కి వెళ్లి సాయంత్రానికి కంటికి కట్టుతో తిరిగి వచ్చే ముసలమ్మలందరి కళ్లలోనూ ఆయన ఆలోచన ఉంది. శుక్లం ముదిరేదాకా ఆగాలన్న పాత మాట వదిలేయండి. మీ పనికి అడ్డం వచ్చిందంటే చేయించుకోవలసిన సమయం వచ్చినట్టే.

కటకం వెనక కంటి గోళం నిండా తాటిముంజె లాంటి తేట జిగురు ఉంటుంది. నూటికి తొంభై ఎనిమిది పాళ్లు నీరే. ఆకాశం కేసి చూస్తే ఎప్పుడైనా దారాలు, చుక్కలు తేలుతున్నట్టు కనిపిస్తాయి కదా, అవి దీనిలో ఉన్న పోగుల నీడలు. ఎక్కువగా హాని లేదు. అకస్మాత్తుగా అవి కుప్పలుగా వచ్చినా, మెరుపులు కనిపించినా, పక్క నుంచి తెర దిగినట్టు అనిపించినా మాత్రం వెనక వెలుతురును అందుకునే పొర, అంటే రెటీనా, ఊడుతోందేమోనని ఆ రోజే చూపించుకోవాలి.

రెటీనా, పుస్తకాల్లో నేత్రపటలం. వెలుతురు దారి చివర ఇదే. బొమ్మ దీని మీద తలకిందులుగా పడుతుంది. 1604లో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ లెక్కగట్టి చెప్పాడు. 1637లో తత్వవేత్త దెకార్త్ ఎద్దు కన్ను వెనక పొరలు తీసి పల్చటి తెర పెట్టి చూడవచ్చని రాశాడు. నేను మేక కన్నుతో ఒక్కసారే చేయగలిగాను. ఆ రోజు కిటికీ, బయట కొబ్బరిచెట్టు, తలకిందులుగా, గోరంత. పిల్లలు వంతులేసుకుని చూశారు. ఇప్పుడు పెద్దవాళ్లయి కనిపించినా దాన్నే గుర్తుచేస్తారు.

ఈ పొరలో వెలుతురును పట్టే కణాలు రెండు రకాలు. దండాలు సుమారు పన్నెండు కోట్లు, శంకువులు సుమారు అరవై లక్షలు. శంకువులు రంగులు చూస్తాయి, వాటికి ఎక్కువ వెలుతురు కావాలి. దండాలు మసక వెలుతురులో పనిచేస్తాయి, వాటికి రంగు తెలియదు. పున్నమి రాత్రి పెరట్లో మంకెనపువ్వును చూడండి, పువ్వు కనిపిస్తుంది, ఎరుపు కనిపించదు. ఇంకో చిన్న పరీక్ష. కరెంటు పోయిన రాత్రి చాలా మసకగా ఉన్న నక్షత్రాన్ని సూటిగా చూస్తే మాయమవుతుంది, కొంచెం పక్కకు చూస్తే మళ్లీ వస్తుంది. చూపు నడుమ శంకువులే ఉన్నాయి, దండాలు పక్కన ఉన్నాయి, అందుకు.

దండాలు పనిచేయాలంటే విటమిన్ ఎ కావాలి. వెలుతురు తగలగానే మారిపోయే రంగు పదార్థం దాని నుంచే తయారవుతుంది. ఆ రహస్యం తేల్చినందుకు జార్జ్ వాల్డ్‌కు 1967లో నోబెల్ బహుమతి పంచారు. విటమిన్ ఎ తక్కువైతే రేచీకటి. ఇంకా తక్కువైతే కార్నియా మెత్తబడి కరిగిపోతుంది, పసిపిల్లల కళ్లు అలా పోయేవి. తొమ్మిదో నెల నుంచి అయిదేళ్లు నిండేవరకూ ఆరు నెలలకు ఒకసారి వేసే తియ్యటి మందు అందుకే. ఆ మందు వేయించండి. మునగాకు, బొప్పాయి, మామిడి, చేప ఇవన్నీ మన పెరట్లోవీ మన రేవులోవీ కదా.

నేత్రపటలంలో నెత్తురు నాళాలు ఉన్నాయి. వెలుతురు దారిలో నెత్తురు ఉండదన్నానే అని మీరు అడగవచ్చు. శరీరం ఇక్కడ ఏం చేసిందో చూడండి. సూటి చూపు పడే పచ్చచుక్క నడిబొడ్డున ఒక్క నాళం కూడా లేదు. నాళాలన్నీ గుడి ముందు జనం పక్కకు తప్పుకున్నట్టు దాన్ని చుట్టి వెళతాయి. ఆ చోటు వెనకవైపు పొర నుంచి ఆహారం తీసుకుంటుంది. అక్షరం చదివేది, మనిషి ముఖం గుర్తుపట్టేది ఆ చోటే. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకు పక్కనున్న నాళాలు కారి ఇక్కడ నీరు చేరుతుంది, లేదా పిచ్చి నాళాలు పుట్టి పగిలి లోపలి జిగురులోకి నెత్తురు వస్తుంది. చక్కెర ఉన్న ప్రతి ఒక్కరూ చూపు బాగున్నా ఏడాదికి ఒకసారి కనుపాప విప్పార్చే మందు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోవాలి. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ చిన్న అద్దంతో కంటిలోకి చూసే పరికరం ప్రకటించాడు. ఒంట్లో కత్తి పెట్టకుండా నాళాలనూ నరాన్నీ నేరుగా చూడగలిగిన చోటు ఇదొక్కటే.

రెండు చేతులూ చాచి బొటనవేళ్లు పక్కపక్కన నిలబెట్టండి. ఎడమకన్ను మూయండి. కుడికంటితో ఎడమ బొటనవేలినే చూస్తూ కుడి వేలిని మెల్లగా కుడివైపు జరపండి. రెండు బెత్తెల దూరం వెళ్లేసరికి గోరు మాయమైందా? అక్కడే చూపు నరం బయటికి వెళుతుంది. అక్కడ వెలుతురు పట్టే కణాలు లేవు. మన అందరికీ ఆ కంత ఉంది. మెదడు చుట్టుపక్కల దాన్ని చూసి పూడ్చేస్తుంది. నాన్నకు పోయిన చూపును కూడా మెదడు అలాగే పూడ్చింది. అందుకే ఆయనకు చీకటి కనిపించలేదు. ద్వారబంధమే కనిపించలేదు.

సుమారు పది లక్షల పోగులున్న ఆ నరం తల వెనక భాగానికి వెళుతుంది. దారిలో సగం పోగులు ఎదురువైపుకు మారతాయి. అక్కడికి వెళ్లాక బొమ్మ చూపు అవుతుంది. మెదడు ఆ విద్యను చిన్నతనంలోనే నేర్చుకోవాలి. ఒకటి మెల్లకన్ను అయితే మెదడు దాని మాట వినడం మానేస్తుంది, ఏడెనిమిదేళ్లు దాటితే మళ్లీ వినిపించడం చాలా కష్టం. మెల్లకన్ను అదృష్టం అని మురిసిపోకండి. పిల్లను వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

నెత్తురు లేకపోవడం వల్ల ఒక మేలు కూడా ఉంది. ఒకరి అవయవం ఇంకొకరికి పెడితే శరీరం నెత్తురు ద్వారా దాన్ని పరాయిదని పసిగట్టి తోసేస్తుంది. కార్నియాకు నెత్తురు లేదు కాబట్టి ఆ పోరు చాలా తక్కువ. 1905లోనే ఒకరి కార్నియా ఇంకొకరికి అతికింది. పువ్వు వేసిన కంటికి మందు అదే. నేత్రదానం అంటే కన్ను మొత్తం పెడతారని కొందరి భయం. పెట్టేది ఆ అర మిల్లీమీటరు అద్దాన్నే. మరణించిన ఆరు గంటల లోపు తీయాలి. ముఖం వికారంగా మారదు. కళ్లజోడు ఉన్నవాళ్లు, శుక్లం తీయించుకున్నవాళ్లు, చక్కెర ఉన్నవాళ్లు కూడా ఇవ్వవచ్చు. ఇంట్లో అలాంటి రోజు వస్తే రెప్పలు మూసి తడి దూది పెట్టండి, తల కింద దిండు పెట్టండి, ఫ్యాను ఆపండి, వెంటనే నేత్రనిధికి (ఐ బ్యాంకుకు) ఫోను చేయండి. నాన్న కళ్లు మేం ఇచ్చాం. ఆయనకు చెడింది వెనక నరం. ముందు అద్దం చివరిదాకా తేటగానే ఉంది.

వెనక నుంచి ఒక పెద్దాయన అడుగుతున్నారు, సూర్యుడిని కంటితో చూస్తూ నమస్కారం చేస్తే చూపు పెరుగుతుందా అని. లేదండీ, వద్దు. భూతద్దం కింద కాగితం కాలినట్టే కార్నియా, కటకం కలిసి సూర్యుడిని పచ్చచుక్క మీద పోగు చేస్తాయి. రెటీనాకు నొప్పి తెలియదు, కాలినట్టు అప్పుడు తెలియదు. కొన్ని గంటలకు నడుమ మచ్చ కనిపిస్తుంది, కొందరికి అది పోదు. గ్రహణం నాడు కూడా ఇంతే. రథసప్తమి నాడు కళ్లు మూసుకుని నమస్కరించండి. అరసవల్లిలో కూడా మనం చూసేది సూర్యుడిని కాదు కదా, స్వామి పాదాల మీద పడిన వెలుతురును.

ఇక పిల్లలు అయిదుగురు చొప్పున రండి. ముందు మేక కనుపాప చూడండి, మనలా గుండ్రంగా ఉండదు, అడ్డంగా పలక గంటులా ఉంటుంది. లోపల నీలి ఆకుపచ్చగా మెరిసే పొర ఉంటుంది, అది మనకు లేదు, రాత్రిపూట పశువుల కళ్లు బస్సు దీపాలకు మెరిసేది దానితోనే. కటకం తీసి పేపరు మీద పెడతాను, దాని కింద అక్షరాలు పెద్దవిగా కనిపిస్తాయి. తొందరపడకండి, నాలుగు కళ్లు ఉన్నాయి, అందరికీ వంతు వస్తుంది. బ్లేడు మాత్రం నా చేతిలోనే ఉంటుంది.